ఉయ్యాలా, క్రిబ్బా, స్ప్రింగ్ ఉయ్యాలా? బిడ్డ వచ్చేలోగా ఏది కొనాలి, ఏది ఆపాలి

మా చెల్లికి ఏడో నెల నడుస్తోంది. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, నాలుగు క్రిబ్‌ల ఫొటోలు పంపాను, చూశావా? ఏది తీసుకోమంటావ్?" అంది. క్రిబ్ అంటే చుట్టూ కటకటాలున్న పిల్లల మంచం. వాట్సాప్ తెరిస్తే నాలుగు కాదు, పదకొండున్నాయి. ఒకదానికి కింద సొరుగులు, ఇంకోదానికి చక్రాలు, మరొకటి బిడ్డ బడికెళ్ళే వయసుకి చదువుకునే బల్లగా మారిపోతుందట.

"అదంతా తర్వాత. పుట్టాక మొదటి మూడు నెలలూ బిడ్డ ఎక్కడ పడుకుంటుంది?" అన్నాను.

"తెనాల్లోనే కదా, అమ్మ దగ్గర."

"మరి క్రిబ్ ఎక్కడికి తెప్పిస్తున్నావ్?"

అటునుంచి కాసేపు మాట లేదు. "కూకట్‌పల్లికి" అంది చివరికి.

దాన్ని అని లాభం లేదు. తొమ్మిదేళ్ళ క్రితం నేనూ అచ్చం ఇదే పని చేశాను. పధ్నాలుగు వేలు పోసి తెల్ల రంగు క్రిబ్ కొని, కిటికీ పక్కన బిగించుకుని మురిసిపోయి, సీమంతం కాగానే పుట్టింటికి వెళ్ళిపోయాను. బాబుకి ఐదో నెల వచ్చాక తిరిగొచ్చేసరికి క్రిబ్ నిండా మా ఆయన ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు. అన్నాళ్ళూ అమ్మ పక్కన, ఉయ్యాల్లో పెరిగినవాడు ఆ కటకటాల్లో పెట్టగానే గుక్కపట్టాడు. అలవాటు చేయడానికి నెల పట్టింది. ఏడాదిన్నర రాకముందే గట్టెక్కి దూకబోతుంటే తీసేశాం. లెక్కేస్తే ఏడాది కూడా వాడలేదు.

అందుకే ఎవరడిగినా నేను వస్తువు దగ్గర మొదలుపెట్టను. బిడ్డ ఏ ఊళ్ళో, ఏ గదిలో, ఎవరి పక్కన, ఎన్ని నెలలు పడుకుంటుందో ముందు ఒక కాగితం మీద రాసుకోమంటాను. అది రాశాక జాబితాలో సగం సామాను దానంతటదే కొట్టుకుపోతుంది.

పుట్టకముందే తేవచ్చా?

చాలా ఇళ్ళల్లో బిడ్డ పుట్టకముందు ఉయ్యాల ఇంటికి తేనివ్వరు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదన్న మాట మనందరం వింటూ పెరిగినవాళ్ళమే. దాని మీద మా అత్తయ్యతో నేను వాదించలేదు, మీరూ వాదించక్కర్లేదు. ఎందుకంటే మొదటి పది రోజులు బిడ్డకి కావాల్సింది గట్టి పరుపు, పొత్తిగుడ్డలు, దోమతెర, అంతే. ఉయ్యాల్లో వేసే వేడుక ఎలాగూ బారసాల నాడే. ఈలోపు చేయాల్సిందల్లా గది కొలుచుకోవడం, షాపుకి వెళ్ళి చేత్తో ముట్టుకుని చూడటం, ఏది కావాలో తేల్చుకోవడం. డబ్బు కట్టడం తర్వాత.

ఒక్కదానికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. కార్పెంటర్ చేత చేయించేదైతే ముందే చెప్పాలి. మన కార్పెంటర్లు "వారం రోజులమ్మా" అంటే నెల అని అర్థం. పైగా పాలిష్ వాసన పోవడానికి గాలి తగిలే చోట ఇంకో పది పదిహేను రోజులు ఉంచాలి. ఇంట్లో పట్టింపు ఉంటే అది వాళ్ళ షెడ్డులోనే ఉండనివ్వండి.

అటక మీది చెక్క తొట్టి

అమ్మ పుట్టినప్పటిది, మామయ్యలు పెరిగినది, టేకుదో వేపదో ఒక తొట్టి చాలా ఇళ్ళల్లో అటక మీద ఉంటుంది. నా ఓటు సగం దానికే. చెక్క గట్టిది, బరువుంటుంది, ఒరగదు, ఖర్చు లేదు. మిగతా సగం ఓటు ఇవ్వకపోవడానికి కారణం దాని మీది రంగు. మన దేశంలో ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90, దాటకూడదన్న నిబంధన 2016లో చేశారు, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఎనామిల్ రంగుల్లో సీసం ఎంతుందో మనకి తెలియదు. పళ్ళొచ్చే టైమ్‌లో బిడ్డ చేసే మొదటి పని ఆ అంచుని కొరకడం. సీసం మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది.

"ఉప్పుకాగితం పెట్టి రుద్దించి కొత్త రంగేయిస్తే సరి" అంటారు మామయ్య. రుద్దితే ఆ సీసమంతా ధూళిగా ఇంట్లోనే పడుతుంది, గర్భిణి ఉన్న ఇంట్లో అది ఇంకా తప్పు. రంగేసిన పాత తొట్టి అయితే బారసాల నాడు కాసేపు పూలు కట్టి, బిడ్డని పడుకోబెట్టి, పాట పాడుకుని మళ్ళీ అటకెక్కించండి. రంగు లేకుండా ఉత్త చెక్కతో, నూనె మెరుపుతో ఉన్నదైతే నిశ్చింతగా వాడుకోవచ్చు. గొలుసులూ కొక్కేలూ తుప్పు పట్టాయేమో చూసి కొత్తవి వేయించండి. ఊగకుండా నిలబెట్టే చీల లేకపోతే పెట్టించండి. రాత్రి బిడ్డ నిద్రపోయాక తొట్టి కదలకుండా ఉండాలి. బోర్లా పడటం మొదలైన రోజు నుంచి, అంటే నాలుగైదు నెలలకే, తొట్టి పని అయిపోయినట్టే.

కొత్తగా చేయించేవాళ్ళకి ఒక సంగతి. మా ఆడపడుచు పాపకి తొట్టి చేయిస్తున్నప్పుడు నేను వెళ్ళేసరికి కార్పెంటర్ కటకటాల పుల్లలు నేల మీద పరిచి ఉన్నాడు. పుల్లకీ పుల్లకీ మధ్య నా అరచెయ్యి అడ్డంగా పట్టేంత సందు. "ఇలాగైతేనే అందమండీ, గాలి కూడా ఆడుతుంది" అన్నాడు. నా సంచిలో పాత శుభలేఖ అట్ట ఉంది, ముందే సరిగ్గా 6 సెంటీమీటర్ల వెడల్పుకి కత్తిరించి తెచ్చుకున్నాను. దాన్ని సందులో పెడితే అటూ ఇటూ ఆడింది. అమెరికాలో క్రిబ్ పుల్లల మధ్య సందు 6 సెంటీమీటర్లకి మించకూడదు. యూరప్ ప్రమాణంలో నాలుగున్నర నుంచి ఆరున్నర మధ్య ఉండాలి. ఎందుకంటే పెద్ద సందులోంచి బిడ్డ కాళ్ళు, నడుము జారిపోతాయి, తల మాత్రం ఇరుక్కుంటుంది. ఇదంతా చెప్తే ఆయన కాసేపు తన చేతిలో పుల్ల వంకే చూసి, "మా మనవడి తొట్టి కూడా ఇలాగే చేశానే" అన్నాడు. పక్కకి మూడేసి పుల్లలు ఎక్కువ పడ్డాయి. ఆయనే ఆ అట్టముక్క అడిగి తీసుకున్నాడు.

మూలల్లో గుమ్మటాల్లాంటి బుడిపెలు పెడతామంటారు, వద్దనండి. బిడ్డ మెడలో గొలుసో తాయెత్తు దారమో దానికి తగులుకుంటే ప్రమాదం. ఆ మాటకొస్తే పడుకోబెట్టేటప్పుడు మెడలో ఏదీ ఉండకూడదు, బారసాలకి అమ్మమ్మ వేసిన గొలుసైనా సరే.

చీర ఉయ్యాల, స్ప్రింగ్ ఉయ్యాల

దూలానికి పాత నూలు చీర కట్టిన ఉయ్యాలంత హాయిగా బిడ్డని నిద్రపుచ్చేది ఇంకోటి లేదు. ఇప్పుడు దాన్నే స్టీలు స్టాండుకి, స్ప్రింగుకి తగిలించి అమ్ముతున్నారు. నేను చూసినప్పుడు రెండు మూడు వేల మధ్య ఉన్నాయి. మోటారుతో అదే ఊగేవీ ఉన్నాయి, వాటి ధర వేరు.

హాయి నిజమే, చిక్కూ నిజమే. గుడ్డ ఉయ్యాల్లో బిడ్డ వంగి పడుకుంటుంది. పసివాళ్ళ మెడకి బలం ఉండదు కాబట్టి గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి దారి మూసుకుపోయే వీలుంది. చదునుగా, గట్టిగా ఉన్న చోట వెల్లకిలా పడుకోబెట్టాలని పిల్లల డాక్టర్లు పదే పదే చెప్పేది ఇందుకే. కాబట్టి నా పద్ధతి ఇది: పగలు, మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు, జోకొట్టడానికి వాడుకోండి. కన్ను మూతపడ్డాక తీసి చదునైన పరుపు మీద వేయండి. తీయగానే లేస్తే? లేస్తారు. మొదటి వారం ఓపిక పట్టాలి.

దీన్ని సీలింగ్ ఫ్యాన్ కొక్కేనికో ఫాల్స్ సీలింగ్‌కో తగిలించేవాళ్ళని చూశాను, దయచేసి వద్దు. ఇంట్లో నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పెద్ద పిల్లలుంటే ఇంకా జాగ్రత్త. వాళ్ళు దాంట్లోకి దూరి గిరగిరా తిరిగితే గుడ్డ మెలికపడి మెడకి చుట్టుకుంటుంది. అలాంటి వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. వాడనప్పుడు విప్పేసి మడత పెట్టేయండి.

క్రిబ్ ఎప్పుడు దండగ, ఎప్పుడు దండగ కాదు

ఇంత చెప్పినా నేను క్రిబ్‌కి వ్యతిరేకిని కాను. పుట్టింటికి వెళ్ళకుండా భర్త ఇంట్లోనే ఉండి, అమ్మనే అక్కడికి పిలిపించుకునేవాళ్ళకి, మూడో నెలకే ఆఫీసులో చేరాల్సినవాళ్ళకి, మంచం మీద చోటు లేనివాళ్ళకి క్రిబ్ చక్కగా పనికొస్తుంది. ఇరవై నాలుగ్గంటలూ ఒకే చోట పడుకునే అలవాటు మొదటి రోజు నుంచి చేస్తే పేచీ తక్కువ. పుట్టింట్లో ఐదు నెలలుండి వచ్చేవాళ్ళకే అది నాకు లాగా బట్టల బుట్టవుతుంది.

కొంటే ఏం చూడాలి? పైపైన తళుకు చూడకండి. చెక్క ఏమిటని అడగండి. రబ్బర్‌వుడ్, బీచ్, పైన్ లాంటి అసలు చెక్కా, లేక పొడి అతికించిన ఎండీఎఫ్ పలకా? మన గుంటూరు, విజయవాడ తేమకి ఎండీఎఫ్ అంచులు ఉబ్బుతాయి, స్క్రూలు వదులవుతాయి. పరుపు పెట్టే పలక ఎత్తు రెండు మూడు స్థాయిల్లో మార్చుకునేలా ఉండాలి. బిడ్డ పట్టుకుని నిలబడే వయసుకి పలక అట్టడుగుకి దించితే పై అంచు దాకా కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి. చక్రాలుంటే బ్రేకు వేసి తోసి చూడండి. ఆ తర్వాత క్రిబ్‌ని రెండు చేతులా పట్టుకుని షాపులోనే గట్టిగా ఊపండి. సేల్స్ అబ్బాయి కంగారుపడినా ఫర్వాలేదు. కిర్రుమంటే వదిలేయండి.

ఒక పక్క కటకటాలు కిందికి జారే క్రిబ్‌లు మన దగ్గర ఇంకా అమ్ముతున్నారు. నడుం వంచకుండా బిడ్డని తీసుకోవచ్చని మనకీ ముచ్చటేస్తుంది. ఆ జారే పక్క ఊడి సందులో బిడ్డలు ఇరుక్కుని చనిపోయాక అమెరికాలో 2011 జూన్ నుంచి వాటి అమ్మకాన్నే నిషేధించారు. లోపల చుట్టూ కట్టే మెత్తటి బంపర్లని, 10 డిగ్రీలకి మించి ఏటవాలుగా ఉండే నిద్ర పడకలని 2022 చట్టంతో ఆపేశారు. మన షాపుల్లో క్రిబ్‌తో పాటు బంపరు, దిండు, బొంత, రెండు పక్క దిండ్లు కలిపి ముద్దుగా "సెట్" అని కట్టిస్తారు. పరుపు మీద పరిచే దుప్పటి తప్ప అందులో ఏదీ క్రిబ్‌లోకి వెళ్ళకూడదు.

తల్లి మంచానికి ఒక పక్క ఆనించి బిగించే చిన్న క్రిబ్‌లు కూడా వస్తున్నాయి. సిజేరియన్ అయినవాళ్ళకి రాత్రిళ్ళు లేవకుండా బిడ్డని అందుకోవడానికి ఇవే నయం. కానీ మీ మంచం ఎత్తు కొలిచాకే కొనండి. రెండు పరుపులూ ఒకే ఎత్తులో, మధ్యలో వేలు కూడా పట్టకుండా ఉండాలి. మన పాత టేకు మంచాలు ఎత్తైనవి, చాలా వాటికి ఇవి సరిపోవు. ఇవి కూడా ఐదారు నెలల మాటే.

ఏదీ కొనకుండా పక్కలోనే పడుకోబెట్టుకుంటే?

మనలో ఎక్కువమంది చేసేది ఇదే, నేనూ చేశాను. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 సూచనల్లో చెప్పింది మాత్రం, బిడ్డ కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, అయితే వేరే పడక మీద పడుకోవాలని. పెద్దవాళ్ళ మంచం మీద ప్రమాదం ఎక్కడంటే మెత్తటి పరుపు, దిండ్లు, బరువు దుప్పట్లు, గోడకీ మంచానికీ మధ్య సందు, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయిన మనుషులు. నెలలు నిండకుండానో తక్కువ బరువుతోనో పుట్టిన బిడ్డ అయితే ఆ ఆలోచనే వద్దు, సిగరెట్టూ మందూ ఉన్న ఇంట్లో అసలే వద్దు.

తెనాల్లో మాకు కుదిరిన ఏర్పాటు ఇది. అమ్మ తన పక్క నేల మీదే వేసుకునేది. దాన్ని ఆనుకోకుండా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో బిడ్డకి విడిగా చిన్న గట్టి పరుపు, దాని మీద గొడుగు దోమతెర. పడిపోతాడన్న భయం లేదు. ఖర్చు రెండు వేల లోపు. నులక మంచం, నవారు మంచం మాత్రం పసిబిడ్డకి వద్దు, మధ్యలో గుంట పడుతుంది.

డబ్బు పెట్టాల్సింది పరుపు మీద

క్రిబ్‌కి పది వేలు పెట్టి పరుపు దగ్గర బేరమాడతాం. ఇది తలకిందుల లెక్క. నా క్రిబ్‌తో ఉచితంగా వచ్చిన పరుపు నాలుగు పక్కలా నాలుగేసి వేళ్ళు తక్కువుంది. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే "టవల్ చుట్టి పెట్టండి మేడమ్" అన్నారు. ఆ సందులోనే కదా బిడ్డ ముఖం ఇరుక్కునేది! చివరికి కొలత ఇచ్చి కొబ్బరి పీచు పరుపు వేరే కుట్టించాను. క్రిబ్‌లు 60 బై 120 సెంటీమీటర్ల సైజువి ఎక్కువ దొరుకుతాయి, కానీ డబ్బా మీది అంకె నమ్మకుండా లోపలి కొలత మీరే టేపు పెట్టి తీసుకోండి. పరుపుకీ కటకటాలకీ మధ్య రెండు వేళ్ళు దూరకూడదు.

మెత్తదనం చూసే పద్ధతి సులువు. అరచెయ్యి పరుపు మధ్యలో గట్టిగా నొక్కి తీసేయండి. గుంట వెంటనే పోవాలి. చెయ్యి ఆకారం కాసేపు నిలిచిందంటే అది పెద్దవాళ్ళకి హాయి, బిడ్డకి కాదు. నాలుగంగుళాల మందం చాలు. బూరుగు దూది పరుపు చల్లగా ఉంటుంది గానీ పసిబిడ్డకి మరీ మెత్తన. పాత చీరల బొంతని మడతలు లేకుండా పలచగా, బిగుతుగా పరిస్తే సరే, నాలుగు మడతలేస్తే మళ్ళీ మెత్తని పరుపే.

ఇక ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని అమ్మ ముందే కుట్టి పెట్టుకుంటుంది. ఏడాది నిండేదాకా ఏ దిండూ వద్దన్నదే డాక్టర్ల మాట. తల ఆకారం కోసం మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ళ ముందు కాసేపు బోర్లా వేస్తే మేలు, మెడకీ బలం. ఈ మాట మీరు చెప్తే గొడవవుతుంది, డాక్టరమ్మ చేత చెప్పించండి.

మిగతా సామాను

గుడ్డలు మార్చే ఎత్తు బల్ల దండగ, బిడ్డ దొర్లి పడితే ప్రమాదం కూడా. నేల మీద చాప, దాని మీద రబ్బరు షీటు చాలు. పాలిచ్చే కుర్చీ అని ప్రత్యేకంగా అమ్మేదానికి బదులు చేతులున్న మామూలు కుర్చీ, పాదాల కింద పీట, నడుముకో దిండు పెట్టుకుంటే సరి, ఈ దిండుకి నేను ఒప్పుకుంటాను. బిడ్డ బట్టలకి సొరుగుల బీరువా కొంటే గోడకి క్లాంపుతో బిగించాలి. నడక వచ్చాక సొరుగులే మెట్లవుతాయి, బీరువా మీద పడుతుంది. వాకర్ ఎవరైనా బహుమతిగా ఇస్తే నవ్వుతూ తీసుకుని పక్కన పడేయండి. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం.

అమెరికాలో ఉన్నవాళ్ళ లెక్క వేరు. అక్కడికైతే ఇక్కణ్ణుంచి అమ్మ వెళ్తుంది కాబట్టి మొదటి రోజు నుంచీ బిడ్డ మీ ఇంట్లోనే ఉంటుంది. క్రిబ్ కొంటే పూర్తిగా వాడకమవుతుంది. ఊరు మారే తెలుగువాళ్ళు గ్రూపుల్లో పెట్టే మూవింగ్ సేల్‌లో తక్కువకి దొరుకుతాయి గానీ తయారీ తేదీ చూడండి. 2011 జూన్ కంటే ముందుదైతే ఊరికే ఇచ్చినా వద్దు. విప్పి బిగించిన క్రిబ్‌లో ఒక్క స్క్రూ తక్కువున్నా, ఆ కంపెనీ నుంచి అసలు స్క్రూ తెప్పించేదాకా వాడకూడదు.

మా చెల్లి పదకొండు ఫొటోలూ చెరిపేసింది. తెనాలికి గట్టి పరుపు, గొడుగు దోమతెర ఆర్డరిచ్చాం. బారసాలకి ఆడపడుచు పాప తొట్టి తెస్తాం, ఆరు సెంటీమీటర్లదే. కూకట్‌పల్లి క్రిబ్ సంగతి ఐదో నెలలో చూద్దామంది. నిన్న మళ్ళీ మెసేజ్ పెట్టింది: "అక్కా, ఆ చదువుకునే బల్ల అయ్యేది ఒక్కటే ఉంచుకోనా?"